పోయినేటి బండా, ఈయేటి బండా?

కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ తేడా తెలియని ఇల్లాలు మా గోదావరి జిల్లాల్లో ఉండదు. కొత్త బియ్యం అన్నం ముద్దయి కూర్చుంటుంది. పాత బియ్యం విడివిడిగా ఉడుకుతుంది, ఒదుగుతుంది, చుట్టం వేళ తప్పి వచ్చినా పరువు కాపాడుతుంది. అందుకే కొట్లో ఏడాది నిలవ బియ్యానికి ధర ఎక్కువ. అదే చింతపండయితే కొత్తది కావాలి. పాతది నల్లబడిపోయి చారు రంగు చెడగొడుతుంది. ఏది పాతదైతే మంచిదో, ఏది కొత్తదైతే మంచిదో మన అమ్మలూ అమ్మమ్మలూ ఒక్కొక్క వస్తువుకూ లెక్క చెప్పి పోయారు. పాపం, మోటారు సైకిలు సంగతి మాత్రం వాళ్ళు చెప్పలేదు. చెప్పేందుకు వాళ్ళ కాలంలో ఆ చిక్కే లేదు మరి!

చిక్కేమిటంటారా? ఏటా డిసెంబరు ఆఖరులోనూ, మార్చి ఆఖరులోనూ ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో బళ్ళ షాపుకి వెళ్ళి చూడండి. ఒకే పేరున్న బళ్ళు రెండు పక్కపక్కన నిలబెట్టి ఉంటాయి. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. "ఇది పోయినేటి మోడల్ అండీ, ఇంత తగ్గిస్తాం. ఇది ఈయేటిది, పైసా తగ్గదు" అంటాడు అమ్మే కుర్రాడు. ఇంట్లో కుర్రాడు కొత్తదాని వంక చూస్తాడు. ఇంటాయన తగ్గింపు వంక చూస్తారు. ఇద్దరూ కలిసి చివరికి మన వంక చూస్తారు. డబ్బు దాచినది మనమే కదా!

అందులోనూ ఇప్పుడు కుర్రాళ్ళ మోజు మట్టిదారి బళ్ళ మీదికి మళ్ళింది. ముందుచక్రం పెద్దది, పొట్ట నేలకి ఎత్తుగా, మడ్‌గార్డు చక్రానికి అంటకుండా కొంగ మెడలా పైకి, పొగగొట్టం కాస్త ఎగదన్ని ఉంటాయి. హైదరాబాదులో అది షోకేమో కానీ, మా కొల్లేటి వైపు మాత్రం షోకు కాదు, అవసరమే. కొల్లేరు అడుగు మట్టి ఎలాంటిదో చూసినవాళ్ళకి తెలుసు. ఎండితే బీటలు వారి రాయవుతుంది, తడిస్తే జిగురవుతుంది. చేపల చెరువు గట్టు మీద చినుకు పడ్డాక మామూలు బండి వెళితే ఆ జిగురు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చలిమిడిలా కూరుకుపోయి చక్రాన్ని తిరగనివ్వదు. మనిషి దిగి పుల్లతో గోక్కుంటూ నడిపించుకోవాల్సిందే. మడ్‌గార్డు పైకి పెట్టడంలో ఉన్న రహస్యం అదీ. అంతేగాని అందం కోసం కాదు.

ఇంతకీ ఈ మోడల్ సంవత్సరం అనే జబ్బు ఎప్పుడు మొదలయింది? దానికీ ఒక చరిత్ర ఉంది.

అమెరికాలో ఫోర్డు గారు 1908లో 'మోడల్ టి' అనే కారు తెచ్చారు. 1927 దాకా, అంటే దాదాపు ఇరవై ఏళ్ళపాటు, చిన్న చిన్న మార్పులతో అదే కారు అమ్మారు. పోటీకి ఉన్న జనరల్ మోటార్స్ కంపెనీ పెద్ద ఆల్‌ఫ్రెడ్ స్లోన్ గారికి ఒక ఆలోచన వచ్చింది. కారు అరిగిపోయేదాకా ఆగితే మళ్ళీ ఎవరు కొంటారు? అరగకముందే పాతబడిపోవాలి! 1920ల నుంచీ ఏటేటా కారుకి కొత్త రూపూ, కొత్త రంగూ ఇవ్వడం మొదలుపెట్టారు. ఎదురింటివాళ్ళ కొత్త కారు పక్కన మన కారు బాగానే నడుస్తున్నా చిన్నబోవాలన్నమాట. చీరల కొట్లవాళ్ళకి ఈ విద్య స్లోన్ గారి కంటే ముందే తెలుసనుకోండి. పోయిన దసరాకి అంచు పెద్దది, ఈ దసరాకి అంచు చిన్నది. చీర చిరిగిందా, లేదు. మరి పాతదెందుకయింది? అంచు వల్ల!

మనదేశంలో మాత్రం ఈ గాలి చాలాకాలం వీయలేదు. మట్టిదారి బళ్ళకి మన దగ్గర పెద్దన్నగారు బుల్లెట్టు. దాని పుట్టుకే గతుకుల దారుల్లో. వెనక చక్రానికి ఊగే స్ప్రింగుల ఏర్పాటు అప్పట్లో కొత్త. అలాంటి ఏర్పాటుతో తయారైన బుల్లెట్లు 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల కొండదారుల పోటీలో దిగి బంగారు పతకాలు గెలుచుకున్నాయి. తరవాత మన సైన్యం సరిహద్దుల కోసం ఆ బళ్ళనే తెప్పించుకుంది. 1955లో మద్రాసు మోటార్స్ వాళ్ళు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్లు తయారవడం మొదలయింది. చిత్రమేమంటే ఇంగ్లండులో ఆ కంపెనీ 1970 నాటికి మూతబడింది, ఇక్కడి పిల్ల మాత్రం బతికి బట్టకట్టింది. బతకడమే కాదు, 1977లో ఇక్కడి బుల్లెట్టు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయింది. పుట్టింటికి సారె పంపినట్టు!

అలాగే మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1961 నుంచి చెకోస్లొవేకియా వారి జావా బళ్ళు తయారుచేశారు. 1973 నుంచి అవే 'యెజ్డీ' అయ్యాయి. ఆ బండికి కాలితో కొట్టి లేపే కడ్డీనే ముందుకి వంచితే గేరు కడ్డీ అయ్యేది. ఒక్క గరిటెతో పప్పూ వడ్డించి చారూ పోసినట్టు. ఎస్కార్ట్స్ వాళ్ళు 1962లో పోలెండు నమూనాతో రాజ్‌దూత్ తెచ్చారు. పల్లెటూళ్ళలో పాలకేన్లు మోసిన బండి అది.

ఈ మూడింట్లో ఏది కొన్నా 'ఏ సంవత్సరం మోడల్' అనే ప్రశ్న దాదాపు లేదు. బుల్లెట్టుకి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తండ్రి నడిపినప్పుడూ అంతే, కొడుకు నడిపినప్పుడూ అంతే. అది లైసెన్సుల కాలం. స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన సంసారాలు మనవి. అమ్మాయి పుట్టినప్పుడు బుక్ చేస్తే బడికి పంపేనాటికి వస్తుందని హాస్యాలాడుకునేవారు. ఆ రోజుల్లో కొత్తబండి చేతికి రావడమే గొప్ప. అది పోయినేటిదా, ఈయేటిదా అని అడిగితే "నీకు వద్దా? వెనక పాతికమంది ఉన్నారు" అనేవాడు కొట్టువాడు. పాతబండి కొనేవాడు సంవత్సరం కంటే మనిషినే ఎక్కువ అడిగేవాడు. మాస్టారు నడిపిందా, కాంట్రాక్టరు నడిపిందా అని. మాస్టారి బండికి రెండొందలు ఎక్కువిచ్చేవారు.

1985లో ఈ ప్రశాంతత చెదిరిపోయింది. జపాను కంపెనీల పొత్తుతో హీరో హోండా, యమహా బళ్ళు వచ్చాయి. లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్న మాట ఆడవాళ్ళ నోట కూడా వినబడసాగింది. అప్పటినుంచి ఏడాదికో రంగూ, రెండేళ్ళకో స్టిక్కరూ. ఆపైన బండి పాతదో కొత్తదో నిర్ణయించే అధికారం స్లోన్ గారి శిష్యుల దగ్గరనుంచి మెల్లగా ఇంకొకరి చేతికి పోయింది. ఎవరనుకుంటున్నారు? చట్టం!

అది బాగా తెలిసివచ్చింది 2017 మార్చి ఆఖరులో. పొగ విషయంలో 'బి.ఎస్. 3' అనే పాత కొలతకి సరిపడే బళ్ళని ఏప్రిల్ 1 నుంచి అమ్మడానికి వీల్లేదని మార్చి 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశం మొత్తం మీద అమ్ముడవని అలాంటి వాహనాలు ఎనిమిది లక్షల పైచిలుకు, వాటిలో ఆరున్నర లక్షలకి పైగా రెండు చక్రాలవే. చేతిలో ఉన్నది రెండే రోజులు. తగ్గింపు పదివేలతో మొదలై కొన్ని బళ్ళ మీద ఇరవైరెండు వేలదాకా పోయింది. ఆ రెండు రోజులూ బళ్ళ షాపుల ముందు జనం సంక్రాంతి ముందు రోజు బట్టల కొట్టు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు. మార్చి 31న కొన్న బండి తెల్లారేసరికి పాతకాలం బండి అయిపోయింది. ఒక్క రాత్రిలో! మళ్ళీ 2020 ఏప్రిల్ 1న 'బి.ఎస్. 6' వచ్చింది. ఈసారి జనం షాపుల ముందు నిలబడే వీలు కూడా లేకపోయింది. మార్చి 25 నుంచి కరోనా లాక్‌డౌన్ కదా.

పొగ సంగతి ఊరందరిదీ. మన గుండెల మీద చెయ్యి వేసుకోవాల్సిన చట్టం ఇంకోటుంది. 125 సి.సి. దాటిన బళ్ళన్నిటికీ ఏ.బి.ఎస్. అనే బ్రేకు ఏర్పాటు తప్పనిసరి అన్నారు. కొత్తగా వచ్చే మోడళ్ళకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే నడుస్తున్న మోడళ్ళకి 2019 ఏప్రిల్ నుంచి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారుతుంది. అదీ మన భయం. ఈ ఏర్పాటు ఉంటే చక్రం బిగుసుకోబోయే క్షణంలో బ్రేకుని చిటికెలో వదిలి, మళ్ళీ పట్టి, మళ్ళీ వదులుతుంది. బండి తిన్నగా నిలుస్తుంది. అంటే 2018 బండికీ 2019 బండికీ మధ్య తేడా స్టిక్కరు తేడా కాకపోవచ్చు. అది మనిషి ఇంటికి రావడానికీ రాకపోవడానికీ మధ్య తేడా కావచ్చు.

సరిగ్గా ఆ 2019 మార్చిలో మా ఆడపడుచు ఇంట్లో ఈ రగడ జరిగింది. వాళ్ళబ్బాయికి చేపల చెరువులకి మందులూ మేతా అమ్మే ఒక కంపెనీలో ఉద్యోగం. రోజూ ఏలూరులో బయలుదేరి లంకలన్నీ తిరగాలి. షాపువాడు పోయినేటి బండి, ఏ.బి.ఎస్. లేనిది, పన్నెండు వేలు తగ్గించి ఇస్తానన్నాడు. కుర్రాడికి తగ్గింపు మీద మనసు. పైగా దగ్గర వాదన కూడా ఉంది. "అత్తయ్యా, నీకు తెలీదు. బురదలోనూ గులకలోనూ ఏ.బి.ఎస్. అడ్డమే. బ్రేకు వదిలేస్తూ ఉంటుంది, బండి ఇంకా ముందుకి పోతుంది. మట్టిదారి బండికి అదెందుకు?"

ఏమాటకామాటే చెప్పుకోవాలి. వాడన్నది అబద్ధం కాదు. వదులు మట్టిమీద బిగుసుకున్న చక్రం మట్టిని ముందుకి తోసుకుని ఆగుతుంది. ఏ.బి.ఎస్. ఆ పని చేయనివ్వదు. అందుకే మట్టిదారి బళ్ళు కొన్నింటికి ముందుచక్రానికే ఏ.బి.ఎస్. పెడతారు, కొన్నింటికి వెనక చక్రానిది ఆపుకోవడానికి మీట ఇస్తారు. మా ఆడపడుచుకి ఇవేమీ తెలియవు. ఆవిడ ఒక్కటే అడిగింది. "ఒరే, నువ్వు రోజుకి తిరిగేదెంత? అందులో గట్టు మీదెంత?" వాడు లెక్కేసి చెప్పాడు. తారురోడ్డు అరవై కిలోమీటర్లు, గట్టు మీద ఆరు. "గట్టు మీద ఎంత జోరుగా పోతావు?" "గట్టు మీద జోరేమిటమ్మా, పదిహేను, ఇరవై." "మరి కైకలూరు రోడ్డు మీద చేపల లారీల వెనకాల?" వాడు మాట్లాడలేదు.

ఆవిడ నా వైపు తిరిగి, "పన్నెండు వేలు మిగిల్చి నేనేం చేసుకోను వదినా! చీకటిపడేదాకా వీధి గుమ్మంలో నిలబడి ఎదురుచూడ్డం ఉందే, అందులో ఎవడైనా ఒక్క నిమిషం తగ్గిస్తాడా?" అంది. వాడు ఈయేటి బండే కొన్నాడు.

నాకు ఆవిడ మాటల్లో తర్కం నచ్చింది. బండి పేరు మట్టిదారి బండి అయినంత మాత్రాన ప్రమాదం మట్టిదారిలో ఉందనుకోకూడదు. గట్టు మీద పడితే మోచెయ్యి దోక్కుంటుంది, బట్టలకి బురద అంటుతుంది. రోడ్డు మీద పడితే వేరు. ప్రమాదం ఎక్కడ ఉందో అక్కడికి పనికొచ్చే మార్పు ఏ సంవత్సరంలో వచ్చిందో చూసుకోవాలి.

ఈ లెక్క ఎలా వెయ్యాలో చూపడానికి అందరికీ తెలిసిన బండినే తీసుకుందాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 2016లో 'హిమాలయన్' తెచ్చారు. 411 సి.సి. ఇంజను, 21 అంగుళాల ముందుచక్రం, నేలకి 220 మిల్లీమీటర్ల ఎత్తు. మొదటి ఏడాది దానికి కార్బొరేటరు ఉండేది. 2017లో కార్బొరేటరు పోయి పెట్రోలుని చిమ్మే ఇంజెక్షను పద్ధతి వచ్చింది. 2018లో ఏ.బి.ఎస్. వచ్చింది. 2020లో బి.ఎస్. 6తో పాటు వెనకచక్రం ఏ.బి.ఎస్. ఆపుకునే మీట వచ్చింది. 2021లో దారి చూపించే చిన్న గడియారంలాంటిది పెట్టారు. 2023 నవంబరులో మొత్తం బండే మారిపోయింది. 452 సి.సి. నీళ్ళతో చల్లబడే ఇంజను, 24 గుర్రాల బలం కాస్తా 40 గుర్రాలయింది.

ఇప్పుడు ఒక్కొక్క మెట్టూ మన ఇంటి కళ్ళతో చూడండి. 2016కీ 2017కీ తేడా ఏమిటి? కార్బొరేటరయితే రోడ్డు పక్క మెకానిక్ విప్పి, ఊది, బిగించి పంపిస్తాడు. ఇంజెక్షను బండికి రోగం తెలుసుకోవాలంటే యంత్రం తగిలించాలి. కానీ ఆ రోగం రావడం అరుదు, పొద్దున్నే ఒక్క మీటకి లేస్తుంది. పల్లెలో ఉండేవాడికి ఒకటి నచ్చుతుంది, పట్నంలో ఉండేవాడికి ఒకటి. 2017కీ 2018కీ తేడా బ్రేకు. అక్కడ బేరం వద్దు, కొత్తదే. 2020కీ 2021కీ తేడా చాలావరకు ఆ గడియారం. దారి మీ వాడి జేబులో ఉన్న ఫోను కూడా చెబుతుంది. అక్కడ పాతదాని మీద తగ్గింపు వస్తే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు.

ఇక 2023 చివరి మెట్టు చూడండి, అది కష్టమైనది. ఒకవైపు ఏడెనిమిదేళ్ళుగా లోపాలన్నీ దిద్దుకుని స్థిమితపడ్డ పాత ఇంజను. మరోవైపు అప్పుడే కళ్ళు తెరిచిన కొత్త ఇంజను. కొత్తగా పుట్టిన ఏ యంత్రానికైనా బాలారిష్టాలు ఉంటాయి. అందుకని 'కొత్త మోడల్ మొదటి ఏడాది కంటే పాత మోడల్ ఆఖరి ఏడాది మేలు' అనేది అనుభవం ఉన్న మెకానిక్కులు చెప్పే మాట. ఇది ఏ ఒక్క కంపెనీకో కాదు, అందరికీ వర్తిస్తుంది. హీరో వాళ్ళ ఎక్స్‌పల్స్ 200 కూడా 2019లో వచ్చి, 2020లో బి.ఎస్. 6 అయి, 2021లో నాలుగు వాల్వుల ఇంజను తొడుక్కుంది. ఎక్కడ ఏం మారిందన్నదే ప్రశ్న, అంకె కాదు.

మా జిల్లావాళ్ళకి ఈ సంగతి వరిచేలు ఎప్పుడో నేర్పాయి. 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 'స్వర్ణ' వరి వచ్చింది. దాని తరవాత ఎన్ని కొత్త రకాలు రాలేదు! ఒక్కోదానికి ఒక్కో సుగుణం. అయినా స్వర్ణని వదలని రైతులు ఎంతోమంది. అలాగని కొత్తవి వద్దన్నారా? పడిపోని చేను కావాల్సినచోట ఒకటి, తొందరగా కోతకి రావాల్సినచోట ఒకటి వేసుకున్నారు. ఏ సంవత్సరం విత్తనమని కాదు, నా చేలో నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయని చూసుకున్నారు.

ఇక కాగితాల మాట. బండి ఏ నెల, ఏ సంవత్సరంలో తయారయిందో రిజిస్ట్రేషను కార్డు మీద ఉంటుంది. అమ్మినరోజు వేరు, తయారైన నెల వేరు. డిసెంబరులో తయారై జనవరిలో అమ్ముడైన బండి వయసు నిజానికి నెల్లాళ్ళే. కానీ రేపు అమ్మబోయినప్పుడు అవతలివాడు సంవత్సరం అంకె చూసి ఏడాది పాతదంటాడు. అంచేత ఆ నష్టం ముందే మనం షాపువాడి దగ్గర రాబట్టుకోవాలి. ఎంత అడగాలి? బీమావాళ్ళు పాతబడే బండి విలువకి ఒక పట్టిక పెట్టుకున్నారు. ఆరు నెలల లోపు 5 శాతం తరుగు, ఆరు నెలలు దాటి ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30. షాపులో పది నెలలు నిలిచిపోయిన బండి మీద నాలుగు వేలు తగ్గించి గొప్పగా చెబితే ఈ పట్టిక గుర్తుచేసుకోండి. ఎండలో నిలబడ్డ బండికి టైర్లూ బ్యాటరీ కూడా వయసు మీదేసుకుంటాయి. కొత్త బ్యాటరీ వేయించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇంకో రెండు తారీఖులు కొంగున ముడివేసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి తయారయ్యే బళ్ళ గొట్టాలూ వాషర్లూ నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిసిన పెట్రోలుని తట్టుకునేలా ఉండాలన్నారు. 2025 నాటికి దేశంలో బంకుల్లో ఆ కల్తీ పెట్రోలే — కల్తీ అనకూడదు, మిశ్రమం అనాలి — వచ్చేసింది. కాబట్టి సెకండ్ హ్యాండులో 2022 బండికీ 2023 బండికీ మధ్య తూగుతున్నవాళ్ళు ఈ సంగతి అడగాలి. రెండోది, 2025 సెప్టెంబరు 22న పన్ను మారింది. 350 సి.సి. లోపు బళ్ళ మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకు మించిన వాటి మీద సెస్సుతో కలిపి 31 ఉన్నది 40కి ఎక్కింది. చిన్నబండి కొనేవాడు ఆ నెలంతా ఆగి లాభపడ్డాడు. పెద్దబండి కొనేవాడు ఆగి నష్టపోయాడు. ఆగమని సలహా ఇచ్చేముందు ఏ బండో కనుక్కోవాలన్నమాట.

సెకండ్ హ్యాండు అన్నాను గనక నీళ్ళ సంగతి చెప్పకుండా వదలకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకి పేటలు మునిగాయి. బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ నీళ్ళే తరవాత మా కొల్లేరుకి దిగి లంకల దారుల్ని ముంచాయి. అలా మునిగిన బండిని కడిగి తుడిచి మెరిపించి, "2023 మోడలండీ, కొత్తదే, చవగ్గా వస్తోంది" అని అమ్మితే సంవత్సరం అంకె చూసి మురిసిపోకూడదు. సీటు తీయించి కింద ఒండ్రు ఉందేమో చూడాలి. తీగల మొనలు పచ్చగా చిలుము పట్టాయేమో చూడాలి. ఒండ్రు ఎలా ఉంటుందో కొల్లేటి వాళ్ళకి ఒకరు చెప్పాలా?

అన్నట్టు, మన సంగతి మరిచాను. ఈ మట్టిదారి బళ్ళని తయారుచేసేవాళ్ళు వెనక ఆడమనిషి కూర్చుంటుందని ఊహించినట్టు కనబడరు. కొత్త హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. అంటే ముప్పైరెండున్నర అంగుళాలు, ఇంచుమించు మన వంటింటి గట్టంత. అది ముందు కూర్చునేవాడి సీటు. వెనకది ఇంకా పైన. చీరతో దాన్ని ఎక్కడం లంక దగ్గర పడవ ఎక్కినంత పని. అయితే 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో మన కోసం ఒక అంశం ఉంది. వెనక కూర్చునేవాళ్ళకి చేత్తో పట్టుకునే ఆధారం, కాళ్ళకి ఆనిక, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి రక్షణ ఉండాలని. పోయినేటి బండయినా ఈయేటి బండయినా ఇవి ఉన్నాయో లేదో అడిగి బిగించుకోండి. "చీర గార్డు పెడితే బండి అందం పోతుంది" అని కుర్రాడు మూతి ముడుస్తాడు. ముడవనివ్వండి.

వాడికి ఇంకో మాట కూడా చెప్పండి. కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమయింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద ప్రపంచం గుర్తించిన చిత్తడి నేల అయింది. ఆటపాక దగ్గర గూడబాతులు పిల్లల్ని చేసుకునే చోట బండి బలం చూపించుకోవడం మగతనం కాదు. మట్టిదారి బండి ఉన్నది దారి లేనిచోట పనికి వెళ్ళేవాడి కోసం. పని లేనిచోటికి దారి చేసుకోవడానికి కాదు.

ఇన్నీ చెప్పాక "అయితే ఏ సంవత్సరం బండి కొనమంటావు?" అని అడుగుతారేమో. నా దగ్గర సంవత్సరం లేదు, మూడు ప్రశ్నలున్నాయి. రెండు బళ్ళకీ మధ్య మారింది బ్రేకూ చక్రమూ దీపమూ అయితే కొత్తది తీసుకోండి. మారింది రంగూ స్టిక్కరూ అయితే పాతది తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్లు రెండు కొనండి. ఇంజను మొత్తం మారితే మాత్రం తొందరపడకండి. ఆ బండి ఆరు నెలలుగా నడుపుతున్నవాళ్ళు ఏలూరులోనో, గూడెంలోనో, కైకలూరులోనో కనబడకపోరు. ఆపి అడగండి. మన గోదావరి వాళ్ళు బండి గురించి అడిగితే చెప్పకుండా ఉండలేరు. కాఫీ ఇస్తే కూర్చుని మరీ చెబుతారు.